దూరపు సర్వర్‌లో సొంత కెర్నెల్ నిర్మాణం: దోషనిర్ణయ విధానం

వ్యాససంగ్రహం:
సాహిత్య సంస్థల డిజిటల్ భాండాగారాలు అనేకం నేడు అద్దె సర్వర్లమీద నడుస్తున్నాయి. ఆ సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్‌ను మూలకోడ్ నుంచి సొంతంగా నిర్మించుకొనేటప్పుడు తలెత్తే దోషాలను గుర్తించే క్రమాన్ని ఈ వ్యాసం లినక్స్ ఆధారంగా వివరిస్తుంది. యంత్రం కంటికి కనబడని చోట ఉన్నప్పుడు దోషానికి సాక్ష్యం కూడా దానితోపాటే మరుగవుతుంది. అందువల్ల దోషనిర్ణయంలో ప్రధానభాగం కొత్త కెర్నెల్‌ను బూట్ చేయకముందే జరగాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు ఫైల్ పేర్లకు సంబంధించిన ఒక ప్రత్యేక సమస్య చివరి భాగంలో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: కెర్నెల్, లినక్స్, సర్వర్, కాన్ఫిగరేషన్, బూట్ ప్రక్రియ, దోషనిర్ణయం, తెలుగు ఫైల్ పేర్లు.

1. ఉపోద్ఘాతం:

కెర్నెల్ అనే ఆంగ్లపదానికి పెంకు తీస్తే లోపల మిగిలే పప్పు అని అర్థం. కంప్యూటర్‌లో కూడా ఆ పేరు సార్థకమే. పైకి కనిపించే ప్రోగ్రాములన్నీ పెంకు వంటివి. ప్రాసెసర్ సమయాన్ని పంచడం, మెమొరీని కేటాయించడం, డిస్క్‌తోను నెట్‌వర్క్‌తోను మాట్లాడడం అనే పనులు చేసేది కెర్నెల్. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో విద్యార్థిగా ఉంటూ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ప్రపంచంలోని సర్వర్లలో చాలావాటిని నడుపుతున్నది. దాని మూలకోడ్ బహిరంగంగా లభిస్తుంది కనుక ఎవరైనా దానిని తమ అవసరానికి తగినట్లు మలచుకొని కంపైల్ చేసుకోవచ్చు.

చేసుకోవచ్చు అన్నంతమాత్రాన చేసుకోవాలని కాదు. డెబియన్, ఉబుంటు వంటి డిస్ట్రిబ్యూషన్లు అందించే కెర్నెల్ తొంభైతొమ్మిది సందర్భాలలో సరిపోతుంది. తాళపత్రాల ఛాయాచిత్రాలను, పాత పత్రికల సంచికలను పాఠకులకు అందించే ఒక సాహిత్య భాండాగారానికి సొంత కెర్నెల్ అక్కర ఉండదనే చెప్పాలి. అయితే డిస్ట్రిబ్యూషన్ కెర్నెల్ ఇంకా గుర్తించని కొత్త స్టోరేజి కార్డు వచ్చినప్పుడు, ఒక తెలిసిన దోషానికి సవరణ మూలకోడ్‌లోకి వచ్చినా డిస్ట్రిబ్యూషన్‌లోకి రానప్పుడు, పరిశోధన కోసం కెర్నెల్ ప్రవర్తననే మార్చవలసి వచ్చినప్పుడు ఆ అవసరం నిజంగా కలుగుతుంది.

బల్లమీది కంప్యూటర్‌లో కొత్త కెర్నెల్ పనిచేయకపోతే నష్టం స్వల్పం. తెరమీద దోషసందేశం కనిపిస్తుంది, మీట నొక్కితే పాత కెర్నెల్ తిరిగి వస్తుంది. అదే యంత్రం వేరొక నగరంలోని డేటా సెంటర్‌లో ఉంటే తెర లేదు, మీట లేదు. ఉన్నది ఒక్క ఎస్ఎస్‌హెచ్ అనుసంధానం. ఆ అనుసంధానం నడవడానికి కెర్నెల్ బూట్ కావాలి, డిస్క్ దొరకాలి, నెట్‌వర్క్ కార్డు పలకాలి, చివరికి ఎస్ఎస్‌హెచ్ సేవ మేల్కొనాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఇవతలి మనిషికి కనిపించేది ఒకే ఫలితం: సర్వర్ పలకడం లేదు. వేర్వేరు వ్యాధులకు ఒకే లక్షణం ఉండడమే ఇక్కడి చిక్కు.

2. సర్వర్ స్వభావం:

కంపైల్ మొదలుపెట్టకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆ సర్వర్ తన కెర్నెల్‌ను మార్చుకోనిస్తుందా? చౌకగా దొరికే అద్దె సర్వర్లు కొన్ని నిజానికి కంటైనర్లు. ఓపెన్‌వీజెడ్, ఎల్ఎక్స్‌సీ వంటి పద్ధతులలో ఒకే యంత్రంలోని అద్దెదారులందరికీ కెర్నెల్ ఒక్కటే. అది యజమాని అధీనంలో ఉంటుంది. అక్కడ సొంత కెర్నెల్‌ను ఎంత శుద్ధంగా నిర్మించినా రీబూట్ తరువాత పాతదే కనిపిస్తుంది. దోషం ఎక్కడుందో తెలియక మళ్లీ మళ్లీ కంపైల్ చేసేవారు దీనిని ముందుగా పరిశీలించరు. సిస్టమ్‌డీలోని డిటెక్ట్-వర్ట్ అనే ఆదేశం సర్వర్ ఏ రకానిదో ఒక్క మాటలో చెబుతుంది. కేవీఎం అని వస్తే పని సాగించవచ్చు.

రెండవది కన్సోల్. అద్దెకిచ్చే సంస్థలు చాలావరకు తమ నియంత్రణ పుటలో వెబ్ కన్సోల్‌నో సీరియల్ కన్సోల్‌నో ఇస్తాయి. భౌతిక సర్వర్ అయితే ఐపీఎంఐ ద్వారా సీరియల్ ఓవర్ ల్యాన్ సౌకర్యం ఉండవచ్చు. అది ఉందని ఒప్పందపత్రంలో చదవడం చాలదు. పాత కెర్నెల్ చక్కగా నడుస్తున్న రోజునే ఒకసారి రీబూట్ చేసి, కన్సోల్‌లో అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడాలి. కన్సోల్ సంకేతపదం ఎవరికీ గుర్తులేదన్న సంగతి కెర్నెల్ కుప్పకూలిన రాత్రి తెలియడం అరుదైన అనుభవమేమీ కాదు.

3. కాన్ఫిగరేషన్ - రెండు ప్రతుల పోలిక:

కెర్నెల్ నిర్మాణానికి ఆధారం కాన్ఫిగరేషన్ ఫైల్. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ఫైల్‌లో పదివేల వరుసలకు అటూ ఇటూగా ఉంటాయి. ప్రతి వరుసా ఒక అంశాన్ని కెర్నెల్‌లోనే కలపాలో, విడి మాడ్యూల్‌గా ఉంచాలో, వదిలివేయాలో చెబుతుంది. ఇంత ఫైల్‌ను శూన్యం నుంచి తయారుచేయడం వృథాశ్రమ. ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగరేషన్ బూట్ డైరెక్టరీలోనే ఉంటుంది. దానిని మూలకోడ్ డైరెక్టరీలోకి తెచ్చుకొని, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశంతో కొత్త సంచికకు అనుగుణంగా మార్చుకోవడం సురక్షితమైన ప్రారంభం.

ఈ ఆదేశానికి ఒక మౌనస్వభావం ఉంది. కొత్త సంచికలో చేరిన అంశాలకు డిఫాల్ట్ విలువలను అది తానే ఎంచుకుంటుంది. ఒక అంశాన్ని చేతితో చేర్చినప్పుడు, అది ఆధారపడిన వేరొక అంశం లేకపోతే చేర్చినదానిని చెప్పకుండా తొలగిస్తుంది. నిర్మాత తాను ఆ డ్రైవర్‌ను చేర్చాననే నమ్మకంతో ఉంటాడు. కెర్నెల్‌లో మాత్రం అది ఉండదు.

పాఠపరిష్కరణ తెలిసినవారికి ఇక్కడి మార్గం కొత్తది కాదు. సి. పి. బ్రౌన్ పండితులచేత అనేక ప్రతులను సరిచూపించినప్పుడు అనుసరించిన పద్ధతే ఇక్కడా అవసరం. పనిచేస్తున్న ప్రతి ఒకటి, పనిచేయని ప్రతి ఒకటి ఎదురెదురుగా పెట్టి భేదాలను మాత్రమే గుర్తించాలి. మూలకోడ్ స్క్రిప్ట్‌ల డైరెక్టరీలోని డిఫ్‌కాన్ఫిగ్ ఆ పనే చేస్తుంది. పదివేల వరుసలలో మారినవి యాభై అని తేలితే, వాటిలో డిస్క్‌కు, ఫైల్ సిస్టమ్‌కు, నెట్‌వర్క్‌కు చెందినవి ఏ అయిదారో ఉంటాయి. దోషం వెతకవలసిన స్థలం అంతటితో కుదించుకుపోతుంది. పాఠాంతరాలను గుర్తించకుండా మూలాన్ని మళ్లీ మళ్లీ చదివినందువల్ల పరిష్కర్తకు ప్రయోజనం లేనట్లే, కాన్ఫిగరేషన్‌ను పోల్చకుండా మెనూలలో తిరిగినందువల్ల నిర్మాతకు ప్రయోజనం లేదు.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే మరొక సౌకర్యం గురించి కొంత హెచ్చరిక అవసరం. అది ఆ క్షణంలో నడుస్తున్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగిలినవాటిని తీసివేస్తుంది. నిర్మాణసమయం ఎంతగానో తగ్గుతుంది. కానీ ఆ క్షణంలో వాడుకలో లేని మాడ్యూల్ తరువాత అవసరం కావచ్చు. వారానికొకసారి మాత్రమే జతచేసే బ్యాకప్ డిస్క్ ఫైల్ సిస్టమ్ అటువంటిది. ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం నడిపి, వచ్చిన కెర్నెల్‌ను సర్వర్‌కు పంపినవారి సంగతి చెప్పనక్కరలేదు. ల్యాప్‌టాప్‌కు అక్కరలేని సర్వర్ డిస్క్ డ్రైవర్ అందులో ఉండే అవకాశం తక్కువ.

4. నిర్మాణం మధ్యలో ఆగినప్పుడు:

కంపైల్ దశలోని దోషాలు అన్నిటికంటె సులభమైనవి. పాత కెర్నెల్ నడుస్తూనే ఉంటుంది, సందేశం ఎదురుగా ఉంటుంది. అయినా ఇక్కడ కాలం వృథా కావడానికి కారణం చదివే తీరు. నిర్మాణాన్ని వేగవంతం చేయడానికి ఒకేసారి ఎనిమిదో పదహారో పనులను సమాంతరంగా నడుపుతారు. వాటిలో ఒకటి విఫలమైనా మిగిలినవి తమ పని పూర్తిచేసి ఆగుతాయి. కాబట్టి తెరమీది చివరి వరుసలో అసలు దోషం ఉండదు. అది ఎన్నో వరుసల పైన ఉంటుంది. సందేశాలన్నిటినీ ఒక ఫైల్‌లోకి మళ్లించి మొదటి దోషాన్ని వెతకాలి. దొరకకపోతే ఒకే పనిగా నిర్మాణాన్ని మరల నడపాలి. అప్పుడు అది విఫలమైన చోటే ఆగుతుంది.

తరచుగా ఎదురయ్యే దోషాలు కొన్నే. ఫ్లెక్స్, బైసన్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌ఎల్ఫ్ వంటి సహాయక సామగ్రి లేకపోవడం ఒకటి. పేరు సందేశంలోనే ఉంటుంది కనుక దానిమీద ఆగనక్కరలేదు. మరొకటి కొంచెం వింతగా తోస్తుంది. ఉబుంటు లేదా డెబియన్ కాన్ఫిగరేషన్‌ను తెచ్చుకున్నప్పుడు, ఆ డిస్ట్రిబ్యూషన్ తన మాడ్యూళ్ల సంతకాలకోసం వాడే ధ్రువపత్రం ఫైల్ పేరు కూడా అందులో వస్తుంది. ఆ ఫైల్ మూలకోడ్‌లో ఉండదు. దానిని తయారుచేసే నియమం లేదంటూ నిర్మాణం ఆగుతుంది. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అనే రెండు అంశాలను ఖాళీ చేస్తే సమస్య తీరుతుంది.

చిన్న సర్వర్లలో మెమొరీ కొరత వేరే రూపంలో బయటపడుతుంది. కంపైలర్ హఠాత్తుగా హతమైందని మాత్రమే సందేశం వస్తుంది. కోడ్‌లో తప్పు ఉన్నట్లు అనిపిస్తుంది కాని అది నిజం కాదు. మెమొరీ చాలనప్పుడు కెర్నెలే ఏదో ఒక ప్రక్రియను ఎంచి అంతం చేస్తుంది. డీమెసెగ్ లాగ్‌లో ఆ సంగతి నమోదై ఉంటుంది. సమాంతర పనులను తగ్గించడం, స్వాప్ చేర్చడం, డీబగ్ సమాచారాన్ని ఆపివేయడం దీనికి పరిహారాలు. డీబగ్ సమాచారాన్ని ఆపితే డిస్క్‌మీద కూడా పెద్దమొత్తంలో స్థలం మిగులుతుంది.

ఎస్ఎస్‌హెచ్ తెగిపోతే నిర్మాణం కూడా ఆగుతుంది. టీమక్స్ లేదా స్క్రీన్‌లో దానిని నడపడం దూరపు సర్వర్ విషయంలో తప్పనిసరి. ఇంతకంటె మెరుగైన మార్గం నిర్మాణాన్ని వేరొక యంత్రంలో జరిపించి ఫలితాన్ని ప్యాకేజీ రూపంలో పంపడం. మేక్ బిన్‌డెబ్-ప్యాక్ అనే ఆదేశం డెబియన్ ప్యాకేజీలను తయారుచేస్తుంది. ఒక్క ఆదేశంతో స్థాపించవచ్చు, ఒక్క ఆదేశంతో తొలగించవచ్చు. ఆ రెండవ గుణమే ఎక్కువ విలువైనది.

5. తిరుగుదారి:

కొత్త కెర్నెల్ పాతదానిని తుడిచిపెట్టకూడదు. ఇది అందరికీ తెలిసిన నియమమే అయినా తెలియకుండానే ఉల్లంఘన జరుగుతుంది. మాడ్యూళ్లు సంచిక పేరుతో ఉన్న డైరెక్టరీలో చేరతాయి. పాత కొత్త కెర్నెళ్ల సంచిక పేరు ఒక్కటే అయితే కొత్త మాడ్యూళ్లు పాతవాటిమీదనే వ్రాయబడతాయి. అప్పుడు పాత కెర్నెల్‌కు తిరిగివెళ్లినా దానికి తగిన మాడ్యూళ్లు ఉండవు. లోకల్‌వెర్షన్ అనే అంశంలో ఒక చిన్న గుర్తును చేర్చడం ద్వారా ఈ ప్రమాదాన్ని నివారించవచ్చు. బూట్ డైరెక్టరీకి విడి విభాగం ఉన్న సర్వర్లలో అక్కడి ఖాళీస్థలాన్ని కూడా చూడాలి. డీబగ్ సమాచారం తీసివేయని మాడ్యూళ్లతో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైల్ విపరీతంగా పెరిగి, స్థలం చాలక సగంలో ఆగుతుంది. స్థాపన సందేశాల వరదలో ఆ ఒక్క వరుస కనబడదు. మాడ్యూళ్లను స్థాపించేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ అనే విలువను 1గా ఇస్తే ఫైల్ పరిమాణం అదుపులో ఉంటుంది.

తరువాతది బూట్‌లోడర్ అయిన గ్రబ్. కొత్త కెర్నెల్‌ను శాశ్వత డిఫాల్ట్‌గా చేయడం దూరపు సర్వర్ విషయంలో అవివేకం. గ్రబ్ డిఫాల్ట్‌ను సేవ్డ్ అని మార్చి, పాత కెర్నెల్‌ను డిఫాల్ట్‌గా నిలిపి, గ్రబ్-రీబూట్ ఆదేశంతో కొత్తదానిని ఒక్కసారికి మాత్రమే ఎంచుకోవాలి. ఆ ఒక్కసారి విఫలమైతే తరువాతి రీబూట్‌లో పాతది దానంతట అదే వస్తుంది. కెర్నెల్ ఆదేశవాక్యంలో ప్యానిక్ విలువను 10గా ఇస్తే, కుప్పకూలిన కెర్నెల్ పది సెకన్ల తరువాత తానే రీబూట్ అవుతుంది. ఈ రెండూ కలిస్తే మనిషి ప్రమేయం లేని తిరుగుదారి ఏర్పడుతుంది.

ఈ ఏర్పాటులో రెండు సందులున్నాయి. మొదటిది గ్రబ్‌కు సంబంధించినది. ఒక్కసారి ఎంపికను వాడుకున్న తరువాత గ్రబ్ దానిని తన ఎన్విరాన్‌మెంట్ బ్లాక్ నుంచి చెరపాలి. ఆ బ్లాక్ ఎల్‌వీఎం విభాగంలోనో, సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లోనో ఉంటే గ్రబ్ దానిని చదవగలదు కాని అందులో వ్రాయలేదు. ఫలితంగా ఒక్కసారికి అనుకున్న ఎంపిక ప్రతిసారీ కొనసాగుతుంది. సర్వర్ అంతులేని రీబూట్‌ల వలయంలో పడుతుంది. గ్రబ్-రీబూట్ ఆదేశానికి చెందిన వివరణపుట ఈ హెచ్చరికను స్పష్టంగానే ఇస్తుంది. దానిని చదివేవారు తక్కువ. పాత కెర్నెల్‌నే రెండు పేర్లతో మెనూలో ఉంచి ఈ ఏర్పాటును ముందే పరీక్షించడం మంచిది.

రెండవ సందు ఇంకా సూక్ష్మం. ప్యానిక్ విలువ కెర్నెల్ కుప్పకూలినప్పుడే పనిచేస్తుంది. కెర్నెల్ చక్కగా బూట్ అయి నెట్‌వర్క్ కార్డు మాత్రం పలకకపోతే, యంత్రం దృష్టిలో ఏ దోషమూ లేదు. అది చీకటిలో హాయిగా నడుస్తూనే ఉంటుంది. దీనికి బూట్ అయిన పదిహేను నిమిషాలలో ఎవరూ లోపలికి వచ్చి రద్దుచేయకపోతే రీబూట్ చేసే చిన్న టైమర్‌ను ముందే అమర్చిపెట్టాలి.

6. నిశ్శబ్దాన్ని చదవడం:

ఇంత చేసిన తరువాత రీబూట్ ఇచ్చారనుకుందాం. అయిదు నిమిషాలు గడిచాయి, సర్వర్ పలకలేదు. ఇప్పుడు చేయవలసినది ఆ నిశ్శబ్దం బూట్ ప్రక్రియలో ఏ మెట్టుమీద మొదలైందో కనుక్కోవడం. తాళపత్ర ప్రతిలో గ్రంథపాతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నదాన్నిబట్టి పోయినది ఒక ఆకా, ఒక పంక్తా అని పరిష్కర్త ఊహిస్తాడు. ఇక్కడి తర్కం కూడా అటువంటిదే.

బయటినుంచి దొరికే మొదటి ఆధారం పింగ్. పింగ్‌కు జవాబిచ్చేది కెర్నెలే. దానికి ఏ సేవా నడవనక్కరలేదు. పింగ్ వస్తూ ఎస్ఎస్‌హెచ్ రాకపోతే కెర్నెల్, నెట్‌వర్క్ డ్రైవర్ రెండూ సజీవంగా ఉన్నట్లే. ఎస్ఎస్‌హెచ్ విఫలమయ్యే తీరులో కూడా భేదముంది. అనుసంధానం తిరస్కరించబడిందని వెంటనే జవాబు వస్తే, యంత్రం నడుస్తున్నది కాని ఎస్ఎస్‌హెచ్ సేవ లేవలేదని అర్థం. ఏ జవాబూ లేక గడువు ముగిసిపోతే నెట్‌వర్క్ అసలు లేకపోవచ్చు, లేదా ఫైర్‌వాల్ మౌనంగా అడ్డుకొని ఉండవచ్చు. ఈ రెండు సందేశాలనూ ఒకటిగా తీసుకొని "కనెక్ట్ కావడం లేదు" అని నివేదించడంవల్ల సగం సమాచారం అక్కడే పోతుంది.

పాత కెర్నెల్‌లోకి తిరిగివచ్చిన తరువాత దొరికే రెండవ ఆధారం జర్నల్. జర్నల్ డిస్క్‌మీద శాశ్వతంగా నిలిచేటట్లు ముందే అమర్చుకొని ఉంటే, జర్నల్‌సీటీఎల్ ఆదేశం గత బూట్‌లను వరుసగా చూపుతుంది. విఫలమైన బూట్ ఆ పట్టికలో ఉంటే అదృష్టమే. డిస్క్ దొరికింది, ఫైల్ సిస్టమ్ తెరుచుకొంది, సేవలు మొదలయ్యాయి. దోషం అటుతరువాతిది. లాగ్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు కోసం వెతికితే సరిపోతుంది. ఆ బూట్ పట్టికలో లేనే లేకపోతే, ఆ లేకపోవడం కూడా ఒక సాక్ష్యమే. కెర్నెల్ రూట్ ఫైల్ సిస్టమ్‌మీద ఒక్క అక్షరమైనా వ్రాయగల స్థితికి చేరలేదని అది చెబుతున్నది. అటువంటప్పుడు నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌ను గంటలకొద్దీ సరిదిద్దుకుంటూ కూర్చోవడం వ్యర్థం.

జర్నల్‌కు అందని ఆ తొలిదశను చూపగలిగేది సీరియల్ కన్సోల్ ఒక్కటే. కెర్నెల్ ఆదేశవాక్యంలో కన్సోల్ విలువలను రెండుసార్లు ఇవ్వవచ్చు: ఒకటి తెరకు, ఒకటి సీరియల్ ద్వారానికి. కెర్నెల్ సందేశాలు రెండింటికీ వెళతాయి. చివర పేర్కొన్నదే ప్రధాన కన్సోల్ అవుతుంది కనుక సీరియల్‌ను చివర ఉంచాలి. నెట్‌కన్సోల్ అనే మరొక పద్ధతిలో సందేశాలు నెట్‌వర్క్ ద్వారా వేరొక యంత్రానికి చేరతాయి. కాని నెట్‌వర్క్ డ్రైవర్ మేల్కొన్న తరువాతనే అది పనిచేస్తుంది.

కన్సోల్‌లో తరచుగా కనబడే మరణవాక్యం, రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని చెప్పేది. ఆ వాక్యం చివర అన్‌నోన్-బ్లాక్ అనే మాట, దాని పక్కన కుండలీకరణాలలో రెండు అంకెలు ఉంటాయి. చాలామంది వాక్యాన్ని చదివి అంకెలను వదిలేస్తారు. నిదానం అంకెలలోనే ఉంది. రెండూ సున్నాలైతే రూట్ డిస్క్ ఏదో కెర్నెల్‌కు తెలియనే లేదు. డిస్క్ డ్రైవర్ లేకపోయి ఉండాలి, లేదా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అందలేదు. సున్నాలు కాక 8,1 వంటి అంకెలుంటే డిస్క్ దొరికింది, దానిమీది ఫైల్ సిస్టమ్‌ను చదివే భాగం లోపించింది. మొదటి సందర్భంలో కేవీఎం సర్వర్లలో వెతకవలసినవి వర్టియో పీసీఐ, వర్టియో బ్లాక్ అనే రెండు అంశాలు. డిస్క్ డ్రైవర్ ఉండి, దానికి ఆధారమైన పీసీఐ భాగం పోవడం అసాధారణం కాదు. రెండవ సందర్భంలో ఈఎక్స్‌టీ4 లేదా ఎక్స్‌ఎఫ్ఎస్ కోసం చూడాలి.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనవసరమని భావించి డ్రైవర్లన్నిటినీ కెర్నెల్‌లోనే కలిపేవారు కొందరున్నారు. వారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. రూట్ డిస్క్‌ను ఫైల్ సిస్టమ్ యూయూఐడీతో గుర్తించే పని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని ప్రోగ్రాములది. కెర్నెల్‌కు ఆ విద్య తెలియదు. అది పార్ట్‌యూయూఐడీని మాత్రమే గుర్తించగలదు. రెండవది ఫర్మ్‌వేర్. కొన్ని నెట్‌వర్క్ కార్డులు డిస్క్‌నుంచి ఫర్మ్‌వేర్ ఫైల్‌ను తెచ్చుకొంటేనే పనిచేస్తాయి. బ్రాడ్‌కామ్ సంస్థ పాత సర్వర్ కార్డులకు వాడే బీఎన్ఎక్స్2 డ్రైవర్ ఇందుకు ఉదాహరణ. డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసి ఉంటే, రూట్ ఫైల్ సిస్టమ్ తెరుచుకోకముందే అది ఫర్మ్‌వేర్‌ను అడుగుతుంది. అప్పటికి ఫైల్ అందుబాటులో ఉండదు. కార్డు మూగబోతుంది. మాడ్యూల్‌గా ఉంచిన అదే డ్రైవర్ కొన్ని క్షణాలు ఆలస్యంగా వచ్చి చక్కగా పనిచేస్తుంది. కలిపివేయడం ఎప్పుడూ క్షేమమనే అభిప్రాయం దూరపు సర్వర్లలో నిలవదు.

నెట్‌వర్క్ కార్డు గుర్తింపు పొంది కూడా చిరునామా పొందకపోవచ్చు. పాత కెర్నెల్‌లో ఒక పేరుతో ఉన్న ఇంటర్‌ఫేస్ కొత్తదానిలో వేరొక పేరుతో రావడం దీనికి కారణం. నెట్‌వర్క్ అమరికలు పాత పేరును పట్టుకొని వేచి ఉంటాయి. అమరికలలో పేరుకు బదులు కార్డు మ్యాక్ చిరునామాను వాడితే ఈ బెడద ఉండదు.

కాన్ఫిగరేషన్‌లో తేడా లేదని తేలినా దోషం పోకపోతే, అది మూలకోడ్‌లోనే ఉండవచ్చు. అప్పుడు గిట్ బైసెక్ట్ శరణ్యం. పనిచేసిన సంచికకు, పనిచేయని సంచికకు నడుమ ఉన్న మార్పులను అది సగానికి సగం విభజిస్తూ పోతుంది. ఒక ప్రధాన సంచికకు, తరువాతిదానికి మధ్య పదివేలకు పైగా మార్పులుంటాయి. అయినా పద్నాలుగు పరీక్షలలో దోషకారకమైన మార్పు దొరుకుతుంది. లేఖక ప్రమాదం ఏ తరం ప్రతిలో చొరబడిందో వంశవృక్షం మధ్యనుంచి వెతకడం వంటిది ఈ పని. పద్నాలుగుసార్లు దూరపు సర్వర్‌ను రీబూట్ చేయడం సాహసమే కనుక, వీలైనంతవరకు క్యూఈఎంయూ వంటి వర్చువల్ యంత్రంలో దోషాన్ని పునరావృతం చేయడానికి ప్రయత్నించాలి. నిజమైన కార్డుకు చెందిన దోషమైతే ఆ వెసులుబాటు ఉండదు.

7. బూట్ అయిన తరువాత - తెలుగు ఫైల్ పేర్ల సమస్య:

సర్వర్ పలికింది, ఎస్ఎస్‌హెచ్ తెరుచుకొంది, యూనేమ్ ఆదేశం కొత్త సంచిక పేరును చూపింది. ఇక్కడితో పని ముగిసిందని పాత కెర్నెల్‌ను తొలగించడం సాధారణంగా జరిగే విషయం. తెలుగు పేర్లతో ఫైళ్లు ఉన్న భాండాగారం విషయంలో ఇది తొందరపాటు అవుతుంది.

సర్వర్ సొంత డిస్క్‌మీది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు భాషలతో ప్రమేయం లేదు. ఫైల్ పేరు దానికి ఒక బైట్ల వరుస మాత్రమే. కెర్నెల్ ఏదైనా ఆ పేర్లు చెదరవు. (ఒక పరిమితి మాత్రం ఉంది. పేరుకు 255 బైట్లకు మించి చోటు లేదు. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక 85 సంకేతాలతో పేరు నిండిపోతుంది. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా విడి సంకేతాలే. గ్రంథం పేరు, కర్త పేరు, సంపుటి సంఖ్య అన్నీ ఫైల్ పేరులోనే ఇమడ్చాలనుకొనేవారు దీనిని గుర్తుంచుకోవడం మంచిది.)

కాని భాండాగారంలోని ప్రతిబింబాలు తరచుగా వేరొక స్టోరేజి యంత్రంలో ఉండి, ఎస్ఎంబీ పద్ధతిలో నెట్‌వర్క్ ద్వారా మౌంట్ అవుతాయి. అక్కడ పేర్లు యూటీఎఫ్-16 రూపంలో ప్రయాణిస్తాయి. వాటిని యూటీఎఫ్-8కు మార్చే పని కెర్నెల్‌లోని ఎన్ఎల్ఎస్ విభాగానిది. నిర్మాణంలో ఎన్ఎల్ఎస్ యూటీఎఫ్8 అనే చిన్న మాడ్యూల్ పోయి ఉంటే, ఆ సంకేతవ్యవస్థను కోరిన మౌంట్ ఆదేశం 79వ సంఖ్య దోషంతో విఫలమవుతుంది. ఆ దోషానికి తెరమీద వచ్చే వివరణ ఏదో షేర్డ్ లైబ్రరీ అందలేదని. అది పూర్తిగా పక్కదారి పట్టించే వాక్యం. ఏ లైబ్రరీని స్థాపించినా ప్రయోజనం ఉండదు. అసలు కారణం డీమెసెగ్‌లో ఒక్క వరుసగా ఉంటుంది: యూటీఎఫ్-8 అక్షరవ్యవస్థ దొరకలేదని.

ఇది పైకి కనబడే వైఫల్యం కనుక నయమే. మౌంట్ ఆదేశంలో సంకేతవ్యవస్థను పేర్కొనని చోట జరిగేది మరింత ప్రమాదకరం. అప్పుడు కెర్నెల్ తన డిఫాల్ట్‌ను వాడుతుంది. నిర్మాత ఏమీ చెప్పకపోతే ఆ డిఫాల్ట్ ఐఎస్ఓ 8859-1. పశ్చిమ యూరప్ భాషలకోసం ఏర్పడిన ఆ వ్యవస్థలో తెలుగు అక్షరాలకు స్థానం లేదు. మౌంట్ విజయవంతమవుతుంది, దోషసందేశమేదీ రాదు. డైరెక్టరీలో మాత్రం తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకాల వరుసలు కనిపిస్తాయి. అటువంటి పేరుతో ఫైల్‌ను తెరవబోతే అసలు పేరుతో సరిపోలదు కనుక తెరుచుకోదు. ఆంగ్ల పేర్లున్న ఫైళ్లన్నీ యథాతథంగా పనిచేస్తుంటాయి కాబట్టి సర్వర్ ఆరోగ్యంగా ఉన్నట్లే తోస్తుంది. రాత్రిపూట నడిచే బ్యాకప్ ఆ స్థితిలో ఏ ఫైళ్లను వదిలివేసిందో తెలుసుకొనేసరికి వారాలు గడిచిపోవచ్చు. కొన్ని బ్యాకప్ పద్ధతులలో మూలంలో కనబడని ఫైల్‌ను ప్రతిలో కూడా తొలగించే అమరిక ఉంటుంది. దానితో ఈ దోషం కలిస్తే నష్టం ఊహించదగినదే.

కొత్త కెర్నెల్‌తో మొదటిసారి లోపలికి ప్రవేశించగానే బ్యాకప్ టైమర్‌ను ఆపి, దూరపు డిస్క్‌మీది ఒక తెలుగు పేరుగల ఫైల్‌ను తెరిచి చూడాలి. ఒత్తులు, సున్నలు ఉన్న పేరును ఎంచుకొని కొత్త ఫైల్ ఒకటి సృష్టించాలి. మౌంట్‌ను ఒకసారి విడదీసి మళ్లీ కలిపి, అదే పేరు తిరిగి వస్తున్నదో లేదో పరిశీలించాలి. ఈ పరీక్ష ముగిసి, బ్యాకప్ ఒక పూర్తి ఆవృత్తి సక్రమంగా నడిచేంతవరకు పాత కెర్నెల్ ప్యాకేజీని, దాని మాడ్యూళ్లను సర్వర్‌లోనే ఉంచడం అవసరం. బూట్ డైరెక్టరీలో అందుకు కావలసిన స్థలం వంద మెగాబైట్లకు అటూ ఇటూ.